అడగని ఒక్క మాట

మధ్యాహ్నం రెండున్నరకి షాపులో రద్దీ తగ్గి, పొద్దున్న తీసిన డబ్బాలన్నీ ఎక్కడివక్కడ సర్దుతూ ఉండగా ప్రసన్నలక్ష్మికి ఆ ఆకుపచ్చ ఫైలు గుర్తొచ్చింది.

ముందు ఫైలొక్కటే గుర్తొచ్చింది. ఆ తర్వాత దాన్ని చంకలో పెట్టుకున్న మనిషి. అరవై దాటిన ఆడమనిషి, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, కాళ్ల దగ్గర ఖాళీ సత్తు తట్ట, తట్టలోంచి ఎండుచేపల వాసన. "మోకాళ్లు నెప్పమ్మా, ఏదైనా గట్టి మాత్తర ఇయ్యి" అంది. అప్పటికి కౌంటరు ముందు పది పన్నెండు మంది ఉన్నారు. ప్రసన్న పక్క అరలోంచి పది మాత్రల అట్ట ఒకటి తీసి ఇచ్చేసింది. ఆవిడ ఆ అట్టని ఫైలు మడతలో దోపుకుని, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఫైలు మీద పలాస కిడ్నీ ఆసుపత్రి ముద్ర ఉంది. కళ్లు ఆ ముద్రని చూశాయి గానీ, ఆ పూట ప్రసన్న చూడలేదు.

టెక్కలిలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డ ఎవరికైనా ఒక ప్రశ్న నాలిక చివర ఉంటుంది. "కిడ్నీ ఏటైనా ఉందా?" నడుం నొప్పి అన్నా, పంటి నొప్పి అన్నా, తలనొప్పి అన్నా ముందు ఆ మాట అడిగాకే చెయ్యి అరలోకి వెళ్తుంది. కిడ్నీ జబ్బు ఇంటింటా పాకిన ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎవరి ఇంట్లో ఎవరికి ఆ జబ్బుందో మొహం చూస్తే తెలీదు. ఆ జబ్బున్న మనిషికి నొప్పి మాత్ర ఇవ్వడమంటే ఉన్న కాస్త కిడ్నీనీ చేజేతులా చెరపడమే. ఆరేళ్లలో ప్రసన్న ఆ ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగి ఉంటుందో. ఇవాళ ఒక్కసారి అడగలేదు.

చేతిలో ఉన్న డబ్బా కింద పడలేదు. జాగ్రత్తగానే అరలో పెట్టింది. పెట్టాక స్టూలు మీద కూర్చుండిపోయింది.

ప్రసన్నది నందిగాం. రైతు కుటుంబం. ఇంట్లో ఎవరూ గట్టిగా మందలించిన పాపాన పోలేదు. ఆ పని ఆమే చేసుకునేది. ఫార్మసీ మొదటి ఏడాది ఒక పేపరు పోయినప్పుడు మొదలైంది. కూర మాడినా, బండి తాళం ఎక్కడో పెట్టి మరిచినా, లోపలి నుంచి ఒక గొంతు, 'మొద్దుమొహమా, నీకెందుకే ఈ బతుకు' అనేది. బయటి మనిషి ఎవరైనా అలా అంటే రెండోసారి వాళ్ల గడప తొక్కేది కాదు. లోపలి మనిషి కదా, ఎక్కడికి పోతుంది.

ఇప్పుడా గొంతు ఆగకుండా తిడుతోంది. నలభై నిమిషాలు ప్రసన్న ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు దగ్గు మందుకి వస్తే ఇచ్చింది. ఆవిడ ఇప్పటికే ఎన్ని మాత్రలు మింగిందో, మొహం ఉబ్బిందో, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో అనుకుంటూ అరచేతుల చెమట చున్నీకి తుడుచుకుంది. చివరికి లేచి వెనక గదిలోకి వెళ్లింది. ఓనరు తారకేశ్వరరావు అక్కడ పాత స్టాకు డబ్బాలు చూసుకుంటున్నాడు.

"సార్, పొద్దున్న ఒక పెద్దావిడకి నొప్పి మాత్రలు ఇచ్చేశాను. కిడ్నీ పేషెంటు. అడగలేదు."

ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు. "అడగలేదా? నువ్వా?"

తిట్టినా బాగుండేది. ఆ 'నువ్వా' అన్న మాట ప్రసన్న గుండెలో ముల్లులా దిగబడింది.

"ఏ ఊరో తెలుసా?"

"తెలీదు సార్. ఎండుచేపలు అమ్ముతాది."

"అయితే ఇక్కడ నిలబడి ఏం లాభం? చేపల బజారుకెళ్లు. కౌంటరు నేను చూసుకుంటాను" అని ఆయన లేచాడు.

చేపల బజారులో మధ్యాహ్నానికి సగం తట్టలు ఖాళీ. ఒక మూల గోనె పరుచుకుని కూర్చున్న ముసలామె ప్రసన్న చెప్పిన గుర్తులు విని, "రెండు పక్కలా పుడకలేటి? మా బొడ్డమ్మ అది. సంతబొమ్మాళి అవతల కొత్తపాలెం. పన్నెండింటి బస్సుకే ఎల్లిపోనాది. ఏటయినాదమ్మా?" అంది.

"ఏమీ లేదు పెద్దమ్మా, మందు చీటీ మరిచిపోయింది" అంది ప్రసన్న. అబద్ధం చెప్పినందుకు లోపలి గొంతు ఇంకో తిట్టు కలిపింది.

స్కూటీ నౌపడ దాటేసరికి రోడ్డుకి రెండు పక్కలా ఉప్పు మడులు ఎండకి కళ్లు మిరుమిట్లు గొల్పాయి. బండి నడుపుతున్నంతసేపూ ప్రసన్న మనసు తన కంటే ముందు ఆ ఇంటికి వెళ్లి వస్తోంది. ఒకసారి వెళ్తే ఇంటిముందు జనం మూగి ఉన్నారు. ఇంకోసారి తాళం వేసి ఉంది, ఎవరో 'ఆటోలో పలాస తీసుకెళ్లిపోనారు' అన్నారు. మూడోసారి ఆవిడ కొడుకు గుమ్మంలో నిలబడి 'నువ్వేనా ఇచ్చినావు?' అన్నాడు. సంతబొమ్మాళి దగ్గర ఒక గేదె అడ్డం వస్తే బ్రేకు వేసి, కాలు నేల మీద పెట్టి, అలాగే కాసేపు ఉండిపోయింది. గేదె వెళ్లిపోయాక కూడా.

కొత్తపాలెం సరుగుడు తోటల వెనక, సముద్రం చప్పుడు వినపడేంత దూరంలో ఉంది. బొడ్డమ్మ ఇల్లు అడిగితే పిల్లలే చూపించారు. ఇంటి ముందు జనం లేరు. ఇరవై ఐదేళ్ల పిల్ల ఒకతి వల మీద కవ్వళ్ల చేపలు ఆరబోస్తోంది. ఆమె బొడ్డమ్మ కోడలు దుర్గ. కొడుకు కామేశ్ గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్లాడు. ఇంట్లో అత్తా కోడళ్లిద్దరే.

బొడ్డమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ప్రసన్నని చూసి గుర్తుపట్టింది. "నువ్వు షాపు గుంటవి కాదేటి? ఇలగొచ్చినావేటి?"

ఆవిడ అలా కూర్చుని మాట్లాడుతుంటే ప్రసన్నకి ఏడుపు వచ్చినంత పనైంది. ఆపుకుంది. "పెద్దమ్మా, పొద్దున్న ఇచ్చిన మాత్రలు ఎన్ని వేసుకున్నావు?"

"రెండు. బస్టాండు కాడ టీతో ఒకటి. ఇంటికొచ్చి కూడు తినీసినాక ఒకటి. బాగా పని సేసినాదమ్మా. సాన్నాళ్లకి కాలు మడిసినాను."

"అవి నీకు ఇవ్వకూడదు. నీకు కిడ్నీ జబ్బుంది కదా. నేను అడగాలి. అడగలేదు. తప్పు నాదే."

వల దగ్గర దుర్గ చేతులు ఆగిపోయాయి. "నెప్పి మాత్తర్లా? అత్తా, పలాసలో డాట్రుగారు నీ ఎదరే సెప్పినారు కదా, అవి ముట్టుకోవద్దని?"

బొడ్డమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తప్పు చేసి దొరికిన మొహం కాదది, అలిసిపోయిన మొహం. "సెప్పినారు. నాకు తెల్దేటి. ముందు రెండు షాపులకి ఎల్లినాను. ఆళ్లు కిడ్నీ ఉందా అని అడిగినారు. ఉందన్నాను. ఇయ్యనేదు. ఈ గుంట అడగనేదు. నాను సెప్పనేదు. తట్ట నెత్తిన ఎట్టుకుని తిరిగితే ఈ మోకాళ్లు ఎలగుంటాయో ఆ డాట్రుకేటి తెలుత్తాది?"

ప్రసన్నకి అందులో ఒక్క ముక్కే వినపడింది. ముందు రెండు షాపులవాళ్లు అడిగారు. తనొక్కతే అడగలేదు.

మిగిలిన ఎనిమిది మాత్రలూ తీసుకుంది. రేపు పొద్దున్నే టెక్కలి రమ్మని, రక్తపరీక్షా డాక్టరూ తనే చూసుకుంటానని చెప్పి, ఫోను నంబరు ఇచ్చి బయల్దేరింది. దుర్గ సందు చివరి దాకా వచ్చింది గానీ ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్ల కోపంగా ఉందనుకుంది ప్రసన్న.

మర్నాడు రక్తం తీశారు. కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్, కిందటి నెల ఫైల్లో మూడు పాయింటు ఒకటి. ఇప్పుడు మూడు పాయింటు ఆరు. టెక్కలి డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఈ మాత్రల వల్ల పెరిగిందో, ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగడం వల్లో ఇప్పుడే చెప్పలేం. మాత్రలు ఆపేశారు కదా. వారం ఆగి మళ్లీ చేద్దాం. ఒళ్లు వాచినా, ఒంటేలు తగ్గినా వెంటనే రావాలి."

వారం. డాక్టరు ఆ మాట చాలా తేలిగ్గా అన్నాడు.

ఆ వారం ప్రసన్న ఎలా గడిపిందో చూసినవాళ్లకి పని మీద శ్రద్ధ పెరిగిందనే అనిపించి ఉంటుంది. వచ్చిన ప్రతివాడినీ కిడ్నీ ఉందా అని అడిగేది. లేదంటే, ఇంట్లో ఎవరికైనా ఉందా అనేది. అట్ట ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుని పేరు చదివి, మళ్లీ ఇచ్చేది. చంటిబిడ్డ గ్రైప్ వాటరుకి వచ్చిన ఒక తండ్రి "బిడ్డకి మూడు నెల్లమ్మా, ఏటి కిడ్నీ" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. షాపు మూసి కిలోమీటరు వెళ్లాక, మధ్యాహ్నం వచ్చిన ఫలానా మనిషికి ఇచ్చింది బీపీ మాత్రేనా అని అనుమానం వచ్చి బండి తిప్పేది. తారకేశ్వరరావు మళ్లీ షట్టరు ఎత్తి, బిల్లు చూపించి, ఏమీ అనకుండా దింపేవాడు. ఆయన ఏమీ అనకపోవడం కూడా ఆమెకి నిందలాగే ఉండేది.

అన్నం ముందు కూర్చుంటే, 'ఆవిడని ఆ గతి పట్టించి నువ్వు తింటున్నావా' అనేది లోపలి గొంతు. నాలుగు ముద్దలకే లేచిపోయేది. అమ్మ అడిగితే ఎసిడిటీ అంది. అలా తనని తాను మాడ్చుకుంటే బొడ్డమ్మ రక్తంలో అంకె తగ్గుతుందని ఆమె ఎక్కడో నమ్మింది. ఎవరైనా అడిగి ఉంటే కాదనేది గానీ, నమ్మింది. రోజూ పొద్దున్న దుర్గకి ఫోను చేసి ఒళ్లు వాచిందా, నీళ్లు తాగుతోందా, ఒంటేలు వస్తోందా అని అడిగేది. దుర్గ ఒకే తీరున "బాగానే ఉన్నాదమ్మా" అనేది. ఫోను పెట్టేశాక ఆ 'బాగానే'లో ఏముందా అని మధ్యాహ్నం దాకా వెతుక్కునేది.

పని మానేద్దామనుకుంది. కాగితం తీసి 'గౌరవనీయులైన' అని రాసి, కింద ఏం రాయాలో పాలుపోక మడిచి బ్యాగులో పెట్టుకుంది.

గురువారం పన్నెండింటికి దుర్గ షాపుకొచ్చింది. బొడ్డమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్రలు అయిపోయాయి. చీటీ ఇచ్చి కౌంటరు చెక్క పట్టుకుని నిలబడింది. కళ్ల కింద నల్లగా ఉంది. ప్రసన్న మాత్రలు తీసి, మూడుసార్లు చదివి ఇచ్చాక కూడా కదల్లేదు.

"ఏటి దుర్గా? ఆవిడకి బాగాలేదా?"

"అత్త బాగానే ఉన్నాది. నాకే..." అని ఆగిపోయింది.

ప్రసన్న కౌంటరు తారకేశ్వరరావుకి అప్పగించి, దుర్గని షాపు వెనక మెట్ల మీదకి తీసుకెళ్లింది. దుర్గ మెట్టు మీద కూర్చుని, మాత్రల పొట్లం ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలెట్టింది.

"ఆయేల నాను రావాల టెక్కలి. అత్త ఎల్లకూడదు ఎండలో. నాకు ఒంట్లో బాగులేక పడుకున్నాను. ఒక్క పూట. అత్త నాకు సెప్పకుండా తట్ట ఎత్తుకొచ్చీసినాది. పడుకోకపోతే ఇదంతా అయ్యీదే కాదు. మద్దినేల అత్తకి నీళ్లు సేతికిచ్చింది కూడా నానే. ఏటి మింగుతున్నావని అడగనేదు. రోజుకి పదిసార్లు అత్త కాళ్లు నొక్కి సూత్తన్నాను, వాపొచ్చిందా అని. మా ఆయన ఫోను సేత్తే ఎత్తడానికి బయమేత్తంది. ఆయన ఏటీ అనడు. నాకే. కూడు నోట్లోకి పోవట్నేదు."

ప్రసన్నకి ఆ పిల్ల మీద జాలి పొంగుకొచ్చింది. కొత్తపాలెంలో సందు చివర మాట్లాడకుండా నిలబడ్డది కోపంతో కాదని అప్పుడు తెలిసింది.

"అలా అనుకోకు దుర్గా. నీకు ఒంట్లో బాలేదు, పడుకున్నావు. మనిషన్నాక ఒక పూట పడుకోదా? ఆవిడేం మింగుతోందో నీకెలా తెలుస్తాది? రోజూ ఆవిడని కనిపెట్టుకుని ఉన్నది నువ్వే కదా. ఒక్క పూట కళ్లు కప్పిందని, మిగతా రోజులన్నీ లెక్కలో లేకుండా పోతాయా? నువ్వు అన్నం మానేస్తే ఆవిడ కిడ్నీ బాగవుతాదా? నువ్వే పడిపోతే ఆవిడని ఎవరు..."

అక్కడ మాట ఆగిపోయింది. చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కటీ కష్టపడి వెతుక్కున్నది కాదు. అన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి. నాలుగు రోజులుగా ఉన్నాయి. ఒక్కటి కూడా తనకి చెప్పుకోలేదు.

దుర్గ ఆమె మొహంలోకి చూసింది. "మీరు తింతన్నారా అమ్మా?"

ప్రసన్న తల అడ్డంగా ఊపింది.

"ఈ మాటలు మీకెవులైనా సెప్పినారా?"

"లేదు. నాది వేరు దుర్గా. నేను చదువుకున్నదాన్ని. అడగడం నా పని."

"అవును, మీరు అడగాల. తప్పే" అంది దుర్గ, నెమ్మదిగా. "తప్పయినాదని తెలిసి, బండేసుకుని మా ఇల్లు ఎతుక్కుంటూ వచ్చింది కూడా మీరే. అదెవులు సేత్తారు? నాకు సెప్పినవన్నీ నాను మీకు సెప్పినట్టు అనుకోండి. మల్లీ సెప్పమంటే నాకు అంత బాగా రాదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు, ఏడుపు వచ్చాయి. ప్రసన్న లేచి లోపల్నించి తన క్యారేజీ తెచ్చి విప్పింది. చల్లారిన అన్నం, వంకాయ కూర. మూతలో సగం పెట్టి దుర్గకిచ్చి, తను గిన్నెలో తింది. మధ్యలో దుర్గ "ఉప్పు సాలనేదు" అంది.

ఆ రోజుతో భయం పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. సాయంత్రం, దుర్గకిచ్చినవి బీపీ మాత్రలేనా అని అనుమానం వచ్చి మళ్లీ బండి తిప్పుదామనిపించింది. కిలోమీటరు రాయి దగ్గర ఆగింది. గొంతు మొదలెట్టింది. మొదటిసారి ప్రసన్న దానికి అడ్డుపడింది. 'ప్రసన్నా, నువ్వు మూడుసార్లు చదివే ఇచ్చావు' అనుకుంది, దుర్గతో మాట్లాడినట్టే, పేరు పెట్టి. గొంతు ఊరుకోలేదు. అయినా బండి తిప్పలేదు. మర్నాడు పొద్దున్న తారకేశ్వరరావుని ఆ మందు బిల్లు చూపించమని అడగాలనిపించింది. అడగలేదు. ఆ తర్వాతి రోజు అడిగింది. ఒక రోజు గెలవడం, ఒక రోజు ఓడడం, అలా సాగింది.

ఒక పని మాత్రం చేసింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి' అని రాసి కౌంటరుకి అంటించింది. తారకేశ్వరరావు దాన్ని చూసి గడ్డం గోక్కున్నాడు. "బేరాలు పక్క షాపుకి పోతాయేమో" అన్నాడు. మళ్లీ దాన్నే చూసి, "అక్షరాలు ఇంకొంచెం లావుగా రాయకపోయావా" అన్నాడు. అరల వైపు తిరిగి, "పదిహేనేళ్ల కిందట నేనూ ఒక పిల్లాడికి సిరప్ మార్చి ఇచ్చాను. రాత్రికి రాత్రి వెళ్లి తెచ్చుకున్నాను. పిల్లాడికేం కాలేదు. నెల రోజులు షాపు తియ్యబుద్ధి కాలేదు నాకు" అన్నాడు. ఈ ఆరేళ్లలో ఆయన ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మౌనాన్నంతా నింద అనుకున్నందుకు ప్రసన్నకి సిగ్గేసింది. ఆ సిగ్గుని కూడా తిట్టుగా మార్చుకోబోయి, ఊరుకుంది.

మంగళవారం రిపోర్టు వచ్చింది. డాక్టరు గది బయట బల్ల మీద బొడ్డమ్మ మధ్యలో, అటూ ఇటూ ప్రసన్న, దుర్గ. ఇద్దరి మొహాలూ చూసి బొడ్డమ్మ, "జబ్బు నాకా మీకా? ఇలగ కూకుంటే సచ్చినోళ్లింటి కాడ కూకున్నట్టుంది" అంది.

లోపల డాక్టరు కాగితం చూశాడు. మూడు పాయింటు రెండు. "తగ్గింది. దాదాపు పాత చోటికే వచ్చింది. ఇకమీదట నొప్పి మాత్రల జోలికి పోవద్దు. నీళ్లు నేను చెప్పిన లెక్కన తాగాలి."

దుర్గ గోడకి ఆనుకుంది. ప్రసన్న రిపోర్టు చేతిలోకి తీసుకుని ఆ అంకెని చదివింది. మూడుసార్లు.

"మరి నా మోకాళ్లకేటి సేత్తారు?" అంది బొడ్డమ్మ. "అది ఎవులూ సెప్పరేటి?"

డాక్టరు నవ్వి, ఆవిడ వేసుకోదగ్గ మాత్ర ఏదో, ఎన్ని వేసుకోవచ్చో రాశాడు. వేడినీళ్ల కాపడం చెప్పాడు. నెత్తిన తట్ట వద్దన్నాడు. బస్టాండు దాకా నడుస్తూ బొడ్డమ్మ దుర్గతో, "సోమవారాలు నువ్వెల్లు, బుదవారాలు నానెల్తాను, తట్ట మాత్రం ఆటోలో ఎయ్యాల" అని బేరం పెట్టింది.

మరో రెండు వారాలకి, బాగా రద్దీగా ఉన్న పూట, ప్రసన్న ఒకాయనకి పెద్దల దగ్గు మందుకి బదులు పిల్లల సీసా ఇచ్చింది. ఆయన రోడ్డు దాటుతుండగా చూసుకుంది. కౌంటరు తలుపు తోసుకుని పరుగెత్తి, ఆటో దగ్గర పట్టుకుని సీసా మార్చింది. "పొరపాటైందండీ" అంది. ఆయన "పోనీలెండమ్మా" అని ఆటో ఎక్కాడు.

వెనక్కి వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. లోపలి గొంతు తయారుగా ఉంది. వణుకు తగ్గేదాకా కాసేపు కూర్చుంటానని తారకేశ్వరరావుతో చెప్పింది. ఆయన తలూపి కౌంటరులోకి వచ్చాడు. ప్రసన్న స్టూలు మీద కూర్చుంది. బయట జనం కేకలేస్తున్నారు. 'వణకనీ' అనుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి వాటంతట అవి నెమ్మదించేదాకా చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత లేచి, ముందు నిలబడ్డ మనిషిని ఏం కావాలని అడిగింది.